థర్మాకోల్ ముక్క వెనక ఆగిన గాలి

శ్రీకాకుళంలోగానీ విజయనగరంలోగానీ ఒక ఇంట్లో కొత్తగా ఏసీ బిగించారంటే, మెకానిక్ వెళ్లిపోయాక మరో చిన్న పని జరుగుతుంది. కిటికీ పైన ఉన్న వెంటిలేటర్ కొలతకు థర్మాకోల్ ముక్క కోసి, అందులో ఇరికించి, చుట్టూ టేపు అంటిస్తారు. తలుపు కింద సందుకు పాత దుప్పటి మడత అడ్డం పెడతారు. గది పైభాగంలో చేరే వేడి గాలి పోవడానికి మేస్త్రి వదిలిన దారి అది. ఏసీ వచ్చాక అదే చల్లదనాన్ని దొంగిలించే కంతలా కనిపిస్తుంది. కరెంటు బిల్లు వైపు నుంచి చూస్తే మూయడం తప్పేమీ కాదు. కాకపోతే ఆ రాత్రి నుంచి ఆ గదిలోకి కొత్త గాలి ఎటునుంచి వస్తుందో ఎవరూ అడగరు.

ఏసీ నుంచి వస్తుందనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. రాదు. స్ప్లిట్ ఏసీలో బయటి యూనిట్‌కీ లోపలి యూనిట్‌కీ మధ్య ఉండేవి గ్యాసు తిరిగే రాగి గొట్టాలు, కరెంటు వైరు. వాటి పక్కన నీళ్లు బయటికి పోయే పైపు. అంతే. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ ఆ గదిలోకే వదులుతుంది. పది గంటలు నడిచినా అదే గాలి.

దీన్ని లెక్కలో చూడటం తేలిక. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న పడకగదిలో 34 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. నిద్రపోయే పెద్దమనిషి గంటకు సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఇద్దరు పడుకుంటే 24 లీటర్లు. గది పూర్తిగా బిగిసి ఉంటే అది గంటకు 700 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 700 భాగాలు) చొప్పున పెరుగుతుంది. బయటి గాలిలో ఇది 420 పీపీఎం ప్రాంతంలో ఉంటుంది కాబట్టి, రెండు గంటల్లో 1,800 దాటుతుంది. నిజానికి ఏ గదీ సీసాలా బిగిసి ఉండదు, తలుపు సందుల్లోంచి కొంత మారుతూనే ఉంటుంది. అయినా తెల్లారేసరికి 2,500 దాటడం వింతేమీ కాదు. ఈ స్థాయి విషమేమీ కాదు. ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల పనికి అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు పెట్టిన హద్దు 5,000 పీపీఎం. కానీ ఆ అంకె ఒక కొలబద్ద. కార్బన్ డయాక్సైడ్ పేరుకుందంటే దానితోపాటు చెమట వాసన, కొత్త ఫర్నిచర్ నుంచి వచ్చే జిగురు ఆవిర్లు, దోమల కాయిల్ పొగ అన్నీ పేరుకున్నట్టే. పొద్దున లేచాక తల దిమ్ముగా ఉంటే నిద్ర చాలలేదని సర్దిచెప్పుకుంటాం. గాలి చాలకపోవడం కూడా ఓ కారణం కావచ్చు.

ఈ ఇబ్బందికి మందుగా ఇప్పుడు హెచ్‌ఆర్‌వీ, ఈఆర్‌వీ అనే రెండు పేర్లు ఆన్‌లైన్ దుకాణాల్లోనూ, కొత్త ఇళ్లకు ప్లాన్లు గీసే ఇంజనీర్ల నోటా వినిపిస్తున్నాయి. హీట్ రికవరీ వెంటిలేటర్, ఎనర్జీ రికవరీ వెంటిలేటర్. రెండూ ఒకేలాంటి పెట్టెలు. రెండు ఫ్యాన్లు, రెండు ఫిల్టర్లు, నాలుగు గొట్టాల మూతులు ఉంటాయి. ఒక ఫ్యాను ఇంట్లోని పాత గాలిని బయటికి నెడుతుంది, రెండోది బయటి గాలిని లోపలికి తెస్తుంది. రెండు గాలులూ పెట్టె మధ్యలో ఉన్న కోర్ అనే భాగంలో పక్కపక్క సందుల్లోంచి, ఒకదానితో ఒకటి కలవకుండా సాగుతాయి. హెచ్‌ఆర్‌వీ కోర్‌లో పలకలు అల్యూమినియంతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తారు, వాటిలోంచి వేడి మాత్రమే దాటుతుంది. ఈఆర్‌వీలో పలకల బదులు ప్రత్యేకమైన కాగితమో పాలిమర్ పొరో ఉంటుంది. వేడితోపాటు నీటి ఆవిరి కూడా దానిలోంచి అటునుంచి ఇటు మారుతుంది. పేర్లలో తేడా ఒక్క మాటే. మన ఊళ్లలో మాత్రం ఆ ఒక్క మాట మీదే యవ్వారమంతా నడుస్తుంది.

పుట్టిన చోటు వేరు

ఈ యంత్రం చలిదేశాల బిడ్డ. 1973 చమురు సంక్షోభం తర్వాత పొయ్యిలకు, హీటర్లకు ఖర్చు తడిసి మోపెడైంది. దాంతో ఇంటి సందులన్నీ మూసి, గోడలకు మందంగా ఇన్సులేషన్ వేయడం మొదలుపెట్టారు. కెనడాలోని రెజీనా నగరంలో 1977లో కట్టిన సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్ అలాంటిదే. అంత బిగుతుగా కట్టాక లోపల గాలి మారదు గనుక, బయటికి పోయే గాలి నుంచి లోపలికి వచ్చే గాలికి వేడిని మార్చే పెట్టెను అందులో పెట్టారు. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మొదటి పాసివ్ హౌస్‌లో (హీటర్ అవసరం బాగా తగ్గేలా బిగుతుగా కట్టిన ఇల్లు) జనం కాపురం మొదలుపెట్టినప్పుడూ అందులో ఇదే పద్ధతి ఉంది. రెజీనాలో చలికాలపు రాత్రి బయట మైనస్ 30 డిగ్రీలు, లోపల 20. తేడా 50 డిగ్రీలు. కిటికీ తెరిస్తే డబ్బు గాల్లో కలిసినట్టే. పోయే గాలి నుంచి ముప్పాతిక వంతు వేడిని వెనక్కి లాక్కుంటే అక్కడ ఏటా మిగిలేది చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు కళింగపట్నం దగ్గర జూన్ నెల రాత్రి సంగతి చూద్దాం. వానలు ఇంకా గట్టిగా పడలేదు, సముద్రం మీంచి చెమ్మ వస్తోంది, చెట్టు ఆకు కదలదు. బయట 29 డిగ్రీలు, గాలిలో తేమ 85 శాతం అనుకుందాం. గదిలో ఏసీ 26కి పెట్టారు, లోపల తేమ 55 శాతం ఉంది. వేడిలో తేడా ఎంత? 3 డిగ్రీలు. అంతే.

తేమలో తేడా చూస్తే కథ మారిపోతుంది. బయట కిలో గాలిలో దాదాపు 21.6 గ్రాముల నీటి ఆవిరి ఉంది, గదిలో 11.6 గ్రాములు. ఇద్దరు పడుకునే గదికి గంటకు 30 ఘనపు మీటర్ల కొత్త గాలి కావాలనుకుంటే, ఆ గాలితోపాటు గంటకు సుమారు 345 గ్రాముల అదనపు నీరు లోపలికి వస్తుంది. ఎనిమిది గంటల రాత్రికి రెండున్నర లీటర్ల పైమాటే. నిద్రలో ఇద్దరు మనుషులు ఊపిరిలో, చెమటలో వదిలే తేమ దీనిలో మూడో వంతు కూడా ఉండదు. ఈ నీటిని గాలిలోంచి తీసి, తనలోని చల్లటి గొట్టాల చుట్ట (కాయిల్) మీద బొట్లుగా మార్చి, పైపులోంచి బయటికి కార్చడానికి ఏసీ మోసే బరువు దాదాపు 235 వాట్లు. 3 డిగ్రీల వేడిని దించడానికి మోసే బరువు 29 వాట్లు. ఉక్కపోత అని మనం ఒక్క మాటలో చెప్పేదాన్ని భౌతికశాస్త్రం ఇలా రెండు ముక్కలు చేసి చూపిస్తుంది. వేడి ఒక వంతైతే చెమ్మ ఎనిమిది వంతులు.

హెచ్‌ఆర్‌వీ ఆ 29 వాట్లలోనే తన పని చూపించగలదు. అందులో 75 శాతం వెనక్కి లాగినా 22 వాట్లు. ఏసీ ఒక వాట్ కరెంటుతో మూడున్నర వాట్ల వేడిని బయట పారేస్తుందనుకుంటే, కరెంటులో మిగిలేది 6 వాట్లు. ఆ పెట్టెలోని రెండు ఫ్యాన్లు తినేది 15 నుంచి 20 వాట్లు. అంటే కోస్తా ఊళ్లో రాత్రిపూట హెచ్‌ఆర్‌వీ మిగిల్చేదానికంటే తినేదే ఎక్కువ. అసలుకే ఎసరు. చలిదేశంలో బంగారంలాంటి యంత్రం ఇక్కడ గాలి మార్చే మామూలు ఫ్యానుగా మిగిలిపోతుంది, ధర మాత్రం మారదు.

దీనిలో ఇంకో తిరకాసు కూడా ఉంది. చలిదేశాల కోసం చేసిన హెచ్‌ఆర్‌వీల్లో నీరు చేరేది బయటికి పోయే గాలి వైపు. లోపలి వెచ్చటి, తడి గాలి అక్కడ చల్లబడుతుంది కాబట్టి డ్రెయిన్ పైపు ఆ పక్కనే ఉంటుంది. ఏసీ 20, 22 డిగ్రీలకు పెట్టుకునే అలవాటున్న ఇంట్లో ఇది తలకిందులవుతుంది. బయటినుంచి వచ్చే తడి గాలి చల్లటి పలకలకు తగిలి, లోపలికి వచ్చే దారిలో నీరు పడుతుంది. అక్కడ డ్రెయిన్ లేకపోతే ఆ నీళ్లు ఫాల్స్ సీలింగ్ మీద మరకలై తేలతాయి.

ఈఆర్‌వీ సంగతి వేరు. బయటికి వెళ్లే పొడిగాలి, లోపలికి వచ్చే తడిగాలిలోని ఆవిరిని పొర గుండా లాక్కుని తనతో బయటికే తీసుకుపోతుంది. 60 శాతం తేమ అలా మళ్లిందనుకుంటే, గంటకు 345 గ్రాముల బదులు 138 గ్రాములే గదిలోకి చేరతాయి. కరెంటులో చూస్తే 46 వాట్లు మిగులుతాయి, ఫ్యాన్లకు 20 పోగా 26 వాట్లు. రాత్రికి యూనిట్‌లో అయిదో వంతు. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా రాత్రికి రూపాయిన్నర కూడా రాదు. ఏడాదిలో 240 రాత్రులు ఏసీ నడిచినా మూడు వందలు. పరికరం, గొట్టాలు, గోడ తొలిచే కూలి కలిపి ముప్పై వేలు అయిందనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి నూరేళ్లు పడుతుంది. కరెంటు బిల్లు తగ్గుతుందని చెప్పి ఒక్క పడకగదికి ఈఆర్‌వీ అమ్మేవాళ్ల మాట అందుకే నమ్మనక్కర్లేదు.

మరి ఎందుకు కొనాలి? ఒంటి జిడ్డు తగ్గడం కోసం. నిజంగానే అంతే. గదికి ఫిల్టరు ఉన్న మామూలు సప్లై ఫ్యాను పెట్టి బయటి గాలి తెచ్చుకోవచ్చు. అదనపు ఖర్చు రాత్రికి మూడు నాలుగు రూపాయలు. కానీ ఆ 345 గ్రాముల నీటిని తీయడం చాలా ఇళ్లలో ఏసీల వల్ల కాదు. చిన్న గదికి టన్నున్నర ఏసీ బిగించడం మనకు అలవాటు. అది పావుగంటలో గదిని చల్లబరిచి నెమ్మదిస్తుంది, నెమ్మదించాక కాయిల్ వేడెక్కి తేమ తీయడం తగ్గిపోతుంది. గది చల్లగా ఉంటుంది, ఒళ్లు మాత్రం జిడ్డుగానే ఉంటుంది, అప్పుడు ఇంకో రెండు డిగ్రీలు తగ్గిస్తారు. బయటి గాలి మంచుబిందువు ఆ రాత్రి 26 డిగ్రీల పైన ఉంది. అంటే అంతకంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా బయటి గాలి తగిలితే నీరు పడుతుంది. ఏసీ గదిలో బీరువా వెనక గోడకు నల్లటి బూజు పట్టడం, పుస్తకాల అట్టలు ఉబ్బడం, తోలు బెల్టు మీద తెల్లటి బూజు రావడం ఇలాంటి చోటే మొదలవుతాయి. ఈఆర్‌వీ ఈ బరువులో సగానికి పైగా గుమ్మంలోనే ఆపుతుంది. అక్కడే దాని విలువ.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. ఈఆర్‌వీ తేమ తీసే యంత్రం కాదు. పొడిగా ఉన్న పాత గాలి ఉంటేనే అది కొత్త గాలి నుంచి తేమను గుంజగలదు. ఏసీ ఆపేసిన ఇంట్లో లోపలా బయటా ఒకటే చెమ్మ, అప్పుడు అది కేవలం రెండు ఫ్యాన్లు. ఏసీ లేని ఇంటికి ఈఆర్‌వీ కొనడమంటే గొడుగు లేకుండా గొడుగు సంచీ కొన్నట్టు.

ఎవరి ఇంటికి, ఎవరికి వద్దు

కేంద్ర విద్యుత్ శాఖ పరిధిలోని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత అనే నివాస భవనాల కోడ్ తెచ్చింది. దానిలో కోస్తా ఆంధ్రలాంటి వెచ్చని, తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాలకు ఒక లెక్క ఉంది. తెరుచుకునే కిటికీలు, బయటి తలుపులు, వెంటిలేటర్లు కలిపి కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం ఉండాలి. అంటే ఆరో వంతు. చలి ప్రాంతాలకు ఇది 8.33 శాతమే. మనలాంటి చోట గాలి ఆడటమే మొదటి వైద్యమని ఆ కోడ్ ఉద్దేశం. ఇప్పుడు అందరూ పెట్టించే స్లైడింగ్ యూపీవీసీ కిటికీ తెరిచినా సగమే తెరుచుకుంటుంది, రెండో సగం అద్దమే. పాతకాలపు చెక్క రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకునేది. చూడటానికి ఒకే కొలత, గాలికి మాత్రం సగం దారి.

ఉద్దానం కొబ్బరి తోటల మధ్య, చుట్టూ ఖాళీ ఉన్న ఇంటికి ఈ యంత్రం దండగ. రెండు వైపులా కిటికీలు తెరిస్తే ఏ పెట్టే ఇవ్వలేనంత గాలి వస్తుంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంకా అక్కడక్కడా కనిపించే చుట్టిళ్లనే చూడండి. గుండ్రంగా కట్టింది తుపాను గాలి పక్కలనుంచి జారిపోవడానికి. తాటాకు కప్పు సందుల్లోంచి మాత్రం రోజూ గాలి దానంతటదే మారేది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రులు చల్లగా ఉండే రోజుల్లో ఏ ఇంట్లోనైనా కిటికీయే మంచిది, దోమతెర జాలీ ఉంటే చాలు.

అసలు సమస్య ఉన్నది మన వరస ఇళ్లలో. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వీధికి అటూ ఇటూ గోడకు గోడ ఆనించి బారుగా కట్టిన ఇళ్లు ఎన్నో. ముందు వీధరుగు, దాని వెనక ముందుగది, నట్టిల్లు, వంటిల్లు, చివర పెరడు. పక్క గోడలు ఇరుగుపొరుగుతో ఉమ్మడి, కాబట్టి పక్కలకు కిటికీ పెట్టడానికే లేదు. పెంకుల కప్పు ఉన్న రోజుల్లో నట్టింటికి వెలుతురు తక్కువైనా గాలి పెంకుల సందుల్లోంచి పైకి పోయేది. అన్నదమ్ములు పంచుకోగా పది, పన్నెండు అడుగుల వెడల్పు మిగిలిన అదే స్థలంలో ఇప్పుడు స్లాబు వేసి, పైన ఇంకో అంతస్తు లేపుతున్నారు. నడిమి గదే పడకగది అయింది. దానికి బయటి గోడ అనేదే లేదు. ఒక తలుపు ముందుగదిలోకి, ఇంకో తలుపు వంటింట్లోకి. తాలింపు వేస్తే ఆ ఘాటు పిల్లాడి మంచం దాకా వస్తుంది. ఏసీ పెట్టారంటే ఆ రెండు తలుపులూ మూతే.

ఇలాంటి గదికి ఈఆర్‌వీ నిజంగా పనికొస్తుంది. అటక మీద పెట్టెను పెట్టి, వీధి వైపు నుంచో మేడ మీద నుంచో కొత్త గాలి గొట్టం, పెరటి వైపుకు పాత గాలి గొట్టం లాగితే, కిటికీ లేని గదికి కిటికీ చేసే పని జరుగుతుంది. మేడ మీదికి తెరుచుకునే చిన్న వెలుతురు బావి వదిలే వీలుంటే మాత్రం ముందు అదే వదలాలి. దానికి కరెంటు అక్కర్లేదు, ఫిల్టర్లు మార్చక్కర్లేదు. కానీ పంపకాల్లో మిగిలిన స్థలంలో ఆరడుగులు ఆకాశానికి వదలడానికి ఎంతమంది ఒప్పుకుంటారన్నది వేరే సంగతి.

రెండో రకం ఇళ్లు రోడ్డు వారవి. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఎచ్చెర్ల, రణస్థలం వైపున్న ఇళ్లలో కిటికీ తెరిస్తే లారీల మోత, దుమ్ము. పలాసలో జీడిపప్పు పరిశ్రమల చుట్టుపక్కల పొగ. ఇక్కడ కిటికీ గాలి ఇస్తుంది గానీ దానితోపాటు ఏమిస్తుందో కూడా చూసుకోవాలి. సన్నటి ధూళి పీఎం 2.5కి మన దేశపు ప్రమాణం 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దును 15కి దించింది. ఉబ్బసం ఉన్న మనిషి ఇంట్లో ఉంటే, ఈఆర్‌వీలో మెర్వ్ 13 స్థాయి (మెర్వ్ అంటే ఫిల్టరు ఎంత సన్నటి ధూళిని ఆపుతుందో చెప్పే కొలత) ఫిల్టరు పెట్టడం దాని కోర్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. భోగాపురం వైపు, విజయనగరం శివార్లలో లేస్తున్న అపార్టుమెంట్లలో ఒకే వైపు కిటికీలున్న ఫ్లాట్లు ఈ రెండు రకాల మధ్యలో ఉంటాయి.

కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది, అది ఖరీదైనదీ కాదు. ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో గ్యాసును కొలిచేది) ఉన్న కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి తెచ్చి, మంచానికి దూరంగా, మూడడుగుల ఎత్తులో పెట్టి, నాలుగైదు రాత్రులు చూడటం. పొద్దుటికి 1,200 దగ్గరే ఆగితే ఆ గది ఏదో సందులోంచి తనంతట తాను ఊపిరి పీలుస్తోందన్నమాట. అక్కడితో ఆ ముచ్చట వదిలేయవచ్చు. అదే మీటరు తేమను కూడా చూపిస్తే ఇంకా మంచిది. ఏసీ నడిచినా తేమ 65 శాతం పైనే ఉంటోందంటే ముందు ఏసీ సైజునూ గోడల చెమ్మనూ చూసుకోవాలి.

బిగించే చోట

ఇంటికంతటికీ ఎంత గాలి కావాలో అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే 62.2 ప్రమాణం ఒక సులువైన సూత్రం ఇస్తుంది. చదరపు అడుగుల్లో ఇంటి వైశాల్యాన్ని 0.03తో హెచ్చించి, దానికి పడకగదుల సంఖ్యకు ఒకటి కలిపి 7.5తో హెచ్చించిన అంకెను కూడాలి. 1,200 చదరపు అడుగులు, రెండు పడకగదుల ఇంటికి 36, 22.5 కలిపి 58.5 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి అన్ని ఘనపు అడుగులు. గంటకు వంద ఘనపు మీటర్లు. ఇంతకంటే చాలా పెద్ద యంత్రం తెచ్చి పూర్తి వేగంతో తిప్పితే ఈ వాతావరణంలో నష్టమే, ఎక్కువ గాలి అంటే ఎక్కువ చెమ్మ.

కట్టిన ఇంటికంటే కట్టబోయే ఇంట్లో ఈ పని చాలా తేలిక. స్లాబుకు సెంట్రింగ్ కొట్టిన రోజే గొట్టాలు పోయే చోట ఆరంగుళాల పీవీసీ స్లీవులు పెట్టిస్తే చాలు. తర్వాత కోర్ కటింగ్ మెషిన్ తెప్పించి తొలిపించాలంటే బీము ఎక్కడుందో, చువ్వలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. ఇంజనీరు లేకుండా బీములో కంత పెట్టించడం కొరివితో తల గోక్కోవడమే. యంత్రం ఇప్పుడే కొనకపోయినా స్లీవులు మూతలు పెట్టి వదిలేయవచ్చు.

కొత్త గాలి పీల్చే మూతి ఎక్కడ పెట్టారన్నదే సగం పని. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం, వంటింటి చిమ్నీ మూతి, పశువులశాల, జనరేటర్ పొగ, ఏసీ బయటి యూనిట్ వదిలే వేడిగాలి, వీటన్నిటికీ దూరంగా ఉండాలి. పాత గాలి వదిలే మూతికి పదడుగుల ఎడం ఉండాలి, లేకపోతే వదిలిందే మళ్లీ పీలుస్తుంది. వరస ఇళ్లలో ఈ ఎడం దొరకడమే కష్టం, అందుకే ఒకటి వీధి వైపు, ఒకటి పెరటి వైపు. పొరుగింటివాళ్ల పొయ్యి ఎటుందో కూడా ఓసారి చూసుకోవాలి. ఉమ్మడి గోడ మీద ఉమ్మడి తగాదాలు చాలానే ఉంటాయి.

బయటికి వెళ్లే గొట్టాలు రెండూ బయటి వైపుకు కాస్త వాలుగా ఉండాలి, వాన జల్లు కొడితే నీరు లోపలికి రాకుండా. సముద్రం దగ్గర ఉప్పుగాలికి ఇనుప జాలీ ఒక్క వానాకాలం దాటదు, బయటి మూతులకు ప్లాస్టిక్ నయం. లోపల గొట్టాలు నున్నటి లోపలి గోడ ఉన్నవి వాడాలి. పనివాళ్లు తేలికగా వంగుతాయని తెచ్చే మడతల ఫ్లెక్సిబుల్ గొట్టం సాగదీయకుండా, రెండు మలుపులు తిప్పి ఫాల్స్ సీలింగ్ పైన పడేస్తే, కాగితం మీద ఉన్న గాలిలో సగం కూడా గదికి రాదు. ఏసీ చల్లదనం తగిలే చోట్ల గొట్టం చుట్టూ నైట్రైల్ రబ్బరు ఇన్సులేషన్ వేయకపోతే పైన చెమట పడుతుంది. పడకగదిలోకి వచ్చే గాలి మూతి మంచానికి సూటిగా ఉండకూడదు. ఎంత మంచి గాలైనా నెత్తి మీద కొడితే మూడో రోజు స్విచ్ ఆపేస్తారు.

వంటింటి చిమ్నీని దీనికి కలపకూడదు. నూనె జిడ్డు కోర్ సందుల్లో పేరుకుంటే అది బాగుపడదు. స్నానాల గదికి విడిగా ఎగ్జాస్ట్ ఫ్యానే మేలు, స్నానం చేసిన పావుగంట నడిచి ఆగిపోయేది. దాన్ని రోజంతా తిప్పితే మాత్రం చిక్కు ఉంది. ఏసీ గదిలోని గాలి బయటికి పోయినంత మేరా, తలుపు సందుల్లోంచి, కిటికీ ఫ్రేము పక్కల్నుంచి తడిగాలి లోపలికి వస్తుంది. మన వాతావరణంలో ఇల్లు బయటి గాలిని కాస్త బయటికే నెట్టేలా ఉండాలి, అందుకే ఈఆర్‌వీలో లోపలికి తెచ్చే గాలిని, బయటికి పంపేదానికంటే కొద్దిగా ఎక్కువగా సర్దుతారు. బిగించినవాళ్లు గాలి వేగం కొలిచే అనిమోమీటరుతో రెండు గాలులనూ కొలిచి అంకె రాసి ఇవ్వాలి. మూతి దగ్గర టిష్యూ కాగితం ఎగరడం చూపించి వెళ్లిపోతే పని పూర్తయినట్టు కాదు.

గోడలో ఆరంగుళాల కంత పెడితే చాలు, గొట్టాలే అక్కర్లేదంటూ అమ్మే ఒంటిగది యూనిట్ల గురించి కూడా చెప్పాలి. వీటిలో సిరామిక్ దిమ్మ ఉంటుంది. నిమిషానికి కాస్త అటూ ఇటూగా గాలి ఒకసారి బయటికి, తర్వాత లోపలికి తిరుగుతుంది. దిమ్మ పోయే గాలి వేడిని దాచుకుని వచ్చే గాలికి ఇస్తుంది. చలిదేశంలో తెలివైన ఏర్పాటే. ఇక్కడ దాచుకోవాల్సింది వేడి కాదు కాబట్టి, పైన హెచ్‌ఆర్‌వీకి చెప్పిన లెక్కే దీనికీ వర్తిస్తుంది. చౌకగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కువమంది మోసపోయేది దీని దగ్గరే.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందన్నది మన జిల్లాల్లో చిన్న ప్రశ్న కాదు. ఇంటి ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు, కానీ ఇంటికంతటికీ పెట్టిన యాభై అరవై వాట్ల ఈఆర్‌వీ కూడా నడుస్తుంది. ఏసీ ఆగిన మూసిన గదిలో కనీసం గాలి మారుతుంది. చెమ్మ వస్తుంది, నిజమే, ఆ కాసేపు సీలింగ్ ఫ్యానుతో సరిపెట్టుకోవచ్చు. కొత్తగా వైరింగ్ చేసేటప్పుడు ఈ పాయింట్‌ను ఇన్వర్టర్ లైనులో కలిపించడం మరిచిపోతే తర్వాత గోడ పగలగొట్టాలి.

ఫిల్టర్లను రోడ్డు పక్కన ఇంట్లో నెలకోసారి, మిగతాచోట్ల రెండు నెలలకోసారి తీసి చూడాలి. భోగి మంటల తర్వాత రోజు ఓసారి తీసి చూస్తే అది చేసే పని కంటికి కనిపిస్తుంది. కాగితపు కోర్‌ను నీళ్లతో కడిగితే పాడవుతుంది, మెత్తటి బ్రష్‌తోనో వాక్యూమ్‌తోనో దులపాలి. కడగదగ్గ పాలిమర్ కోర్ అయితే ఆ మాట పెట్టె మీద రాసి ఉంటుంది. అటక మీద నాలుగు ట్రంకు పెట్టెల వెనక బిగిస్తే ఈ పని ఎవరూ చేయరు, ఏడాదికి ఫిల్టరు మూసుకుపోయి మళ్లీ థర్మాకోల్ ముక్క దగ్గరికే వస్తాం. స్టూలు ఎక్కితే చేతికందే చోటు కావాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఈ రెండూ చూసినవాళ్లకు వాన పైనుంచే కాదు, అడ్డంగా కూడా పడుతుందని తెలుసు. ఆ గాలికి బయటి మూతుల్లోంచి నీరు కోర్ దాకా వెళ్లగలదు. అందుకే రెండు గొట్టాలకూ చేత్తో మూసే డ్యాంపర్లు (గొట్టం లోపలి మూత రేకులు) ఉండాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు యంత్రం ఆపి, డ్యాంపర్లు మూసి, గాలి తగ్గాక బయటి జాలీలో ఇరుక్కున్న ఆకులు తీసి, ఫిల్టర్లు ఆరబెట్టి, అప్పుడు స్విచ్ వేయాలి.